యాభై ఎనిమిదో ముక్క

శనివారం సాయంత్రం రొట్టె కాల్చడం నా పని. ఆదివారం దాన్ని పైకెత్తి ఆశీర్వదించడం మా ఆయన పని. ఆయన పాస్టరు కాబట్టి నేను పాస్టరమ్మని. పెళ్ళికి ముందు నాకూ ఒక పేరుండేది. ఇప్పుడు ఆ పేరు గుర్తున్నది బట్టల ఫ్యాక్టరీ హాజరు పుస్తకానికి ఒక్కదానికే.

ప్రభువు బల్ల, అంటే ఏసు మనకోసం ఒళ్ళు విరగనిచ్చినదానికి గుర్తుగా రొట్టె ముక్క, ద్రాక్షరసం పంచుకోవడం, ప్రతి నెలా మొదటి ఆదివారం. ముందు రోజు పొంగని పిండి కలిపి, పల్చగా వత్తి, పెనం మీద కాల్చి, చల్లారాక కత్తెరతో ముక్కలు కోస్తాను. మా మందిరంలో ఎనిమిది బెంచీలు, బెంచీకి ఏడుగురు. యాభై ఆరు. ముందు నిలబడే ఆయనకొకటి. యాభై ఏడు. పదకొండేళ్ళుగా ఇదే లెక్క, నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

ఆ శనివారం అత్తయ్య వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. "రేపు సాక్ష్యం ఏం చెప్పాలో అనుకున్నావా? మధ్యలో నీళ్ళు నమలకు, పరువు పోతుంది" అంది.

సంఘం ముందు నిలబడి చెప్పాల్సిన ఆ సాక్ష్యం సంగతి ఇదీ. తొమ్మిదేళ్ళు కాలర్లు కుట్టాక, ఈ బల్ల ఆదివారం మర్నాడు సోమవారం నుంచి నన్ను మా లైనుకి సూపర్‌వైజర్ని చేస్తున్నామని ఫ్యాక్టరీలో ముందు వారమే చెప్పారు. ఇంటికొచ్చి సంతోషంగా ఆ మాట చెప్పాను. ఆ ఆదివారమే మా ఆయన మందిరంలో నిలబడి, సంఘం తరఫున చిన్నపిల్లల గది తెరుస్తున్నామనీ, మా ఆవిడ ఉద్యోగం త్యాగం చేసి దాన్ని చూసుకుంటుందనీ, వచ్చే బల్ల ఆదివారం తన నోటితోనే సాక్ష్యం చెబుతుందనీ ప్రకటించేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకా విషయం తెలిసింది అప్పుడే. వెనక తలుపు దగ్గర నిలబడి నేనూ చప్పట్లు కొట్టాను. అలవాటు!

"నన్నొక్క మాట అడగొచ్చుగా?" అన్నాను ఇంటికొచ్చాక.

"అడిగితే ఇచ్చేది త్యాగం ఎలా అవుతుంది?" అన్నాడు చొక్కా విప్పి నా చేతికిస్తూ.

"మరి జీతం?"

"పరలోకంలో ఉంటుందిలే" అని నవ్వాడు.

"అయితే ఇంటద్దె కూడా అక్కడే కడదామా?"

ఆయన నవ్వు ఆగిపోయింది. అత్తయ్య అందుకుంది. "దేవుడి కొడుకు ప్రాణమే ఇచ్చాడమ్మా. నువ్వు కుట్టుమిషను వదల్లేవా?"

పదకొండేళ్ళుగా నా నోటికి వాళ్ళు వేసిన తాళం అదే. ఒంట్లో బాగాలేదంటే ప్రభువు మోసిన సిలువ చూడమంటారు. అలిసిపోయానంటే ప్రేమ అన్నీ భరిస్తుందంటారు. సిలువ మీదున్నాయనతో ఎవరైనా ఏం వాదిస్తారు? ఆయన నిజంగానే నాకోసం చచ్చిపోయాడని నేను నమ్ముతాను. పన్నెండేళ్ళప్పుడు ఆ మాట విని వెక్కివెక్కి ఏడ్చినదాన్ని. అదే ప్రేమని నా మెడకు తాడు ఎప్పుడు చేశారో తెలుసుకోలేకపోయాను. రాజీనామా ఉత్తరం కూడా మా ఆయనే రాసిపెట్టాడు, చక్కటి భాషలో. సంతకం ఒక్కటే నాది. సోమవారం పొద్దున ఇవ్వాలి.

ఆదివారం మందిరం నిండిపోయింది. పాస్టరమ్మ సాక్ష్యమంటే అందరూ వచ్చారు, నెలల తరబడి మొహం చూపించని వాళ్ళతో సహా. ఒక్క బెంచీలోనూ ఖాళీ లేదు. నేను ఎప్పటిలా వెనక తలుపు దగ్గర నిలబడ్డాను. ద్రాక్షరసం గిన్నెలు ఖాళీ కాగానే కడగాలి కదా, కూర్చుంటే మళ్ళీ లేవాలి.

రొట్టె పళ్ళెం ముందు నుంచి బెంచీ తర్వాత బెంచీ దాటుకుంటూ వచ్చింది. చివరి బెంచీలో చివరి ముక్క రిటైరైన నర్సు మామ్మ తీసుకుంది. పళ్ళెం మోయడానికి మొదటి బెంచీలోంచి లేచిన పెద్దాయన నా దగ్గరికొచ్చి ఇబ్బందిగా వంగి, "పాస్టరమ్మా, అయిపోయింది" అన్నాడు.

ముందున్న మా ఆయన వైపు చూశాను. అరచెయ్యి కిందికి ఊపాడు. ఇంట్లో కూర అయిపోయినప్పుడు ఊపినట్టే. సర్దుకో అని.

లెక్క ఎక్కడ తప్పిందా అని ముందు నన్ను నేనే తిట్టుకున్నాను. ఎనిమిది ఏడులు యాభై ఆరు, ఆయనొకడు, యాభై ఏడు. తప్పలేదు. అప్పుడు వెలిగింది. ఆ లెక్కలో నేను లేను. ఈ నెల కాదు, ఏ నెలా లేను! ప్రతిసారీ ఎవరో ఒకరు రాకపోబట్టి మిగిలేది. పదకొండేళ్ళుగా నేను తిన్నది రానివాళ్ళ ముక్క. ఇంట్లో గిన్నె అడుగున గీకి తిన్నట్టే దేవుడి దగ్గరా తిన్నాను. నన్ను ఎవరో తీసేసుంటే వాళ్ళతో పోట్లాడేదాన్ని. కత్తెర నా చేతిలోనే ఉంది, నన్ను నేనే తీసేసుకున్నాను.

నర్సు మామ్మ వెనక్కి తిరిగి నన్ను చూసింది. తన ముక్కని వేళ్ళతో విరిచి సగం నా అరచేతిలో పెట్టింది.

"తిను."

"పర్లేదు మామ్మా..."

"నోర్మూసుకుని తినవే. నీకోసం ప్రభువు విరగడం అయిపోయింది. మళ్ళీ నువ్వెందుకు విరగడం?"

గుసగుసగా అంటున్నాననుకుంది గానీ మామ్మకి చెవుడు, మూడు బెంచీల దాకా వినబడింది.

తిన్నాను. గోరంత ముక్క, ఉప్పు కూడా లేదు. గొంతు దిగుతుంటే తాళం ఊడినట్టయింది. ప్రభువు త్యాగం చేస్తాడని పక్కనుంచి ఎవరూ ప్రకటించెయ్యలేదు. ఆయన తరఫున ఎవరూ ఉత్తరం రాసిపెట్టలేదు. తప్పించుకోగలిగి కూడా, తన ఇష్టంతో తనే ఇచ్చుకున్నాడు కాబట్టే అది ప్రేమ. అడక్కుండా పక్కవాళ్ళది లాక్కుని ఇచ్చేదాన్ని దొంగతనమంటారు. శిష్యుల కాళ్ళు కడిగింది కూడా ప్రభువే. మా ఇంట్లో ప్రభువులు కాళ్ళు చాపుకుని కూర్చుంటారు.

"ఇప్పుడు మా ఆవిడ తన త్యాగం గురించి సాక్ష్యం చెబుతుంది" అన్నాడు మా ఆయన.

ముందుకెళ్ళాను.

"పిల్లల గది మంచిదే. కానీ దానికి నన్నిచ్చింది నేను కాదు. నన్నెవరూ అడగలేదు. ప్రభువు నాకోసం ఒక్కసారి చచ్చిపోయి, ఇక చాలన్నాడు. ఆయన చాలన్నదాన్ని చాలదనడానికి మీరెవరు, నేనెవరు? రేపు పొద్దున నేను సూపర్‌వైజర్‌గా పనిలో చేరుతున్నాను. నా సాక్ష్యం ఇంతే."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మామ్మ ఒక్కతే "ఆమేన్" అంది, చెవిటి గొంతుతో, గట్టిగా. ఎవరో కిసుక్కున నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. భుజాల మీద నుంచి ఎవరో దిగి నడుస్తున్నట్టుంది, అంత తేలిక.

ముగ్గురం ఇంటికొచ్చాం. గుమ్మం ముందు చెప్పులు విప్పుతూ మా ఆయన అడిగాడు, కోపంగా కూడా కాదు, దిక్కుతోచనట్టు. "మరి వచ్చే నెల రొట్టె...?"

"పిండి మీరు కలపండి, కొలత నేను చెప్తాను" అన్నాను. "ముక్కలు మాత్రం యాభై ఎనిమిది."