రెండు వందల పదమూడో మొక్క

అర్మీదా ఆరో వరస లెక్క ముగించి, మోకాళ్లు పట్టుకుని లేచింది. ఇటలీలోని సన్రేమో కొండవాలున ఆ గాజు పందిరి కింద ముప్పై ఏళ్లుగా ఆమె పని అదే: ఒక్కో కార్నేషన్ మొక్కకు విచ్చిన పూలెన్నో చూసి చెప్పడం. మొగ్గ లెక్కలోకి రాదు. పది పూలు లేని మొక్కను లెక్క రోజునే పీకేస్తారు; గెలిచినదాన్ని కొత్త రకంగా పెంచుతారు.

ఈ నాలుగు వందల మొక్కలూ, తోటలో కొత్త రకాలు పుట్టించే నేవియో ముసలాయన పుప్పొడి అద్ది కలిపిన ఒకే జంట సంతానం. తోబుట్టువులే గాని ఏ రెండింటికీ పోలిక లేదు. ఒకటి మూడు పూలకే ఆయాసపడుతుంటే, పక్కది పన్నెండు పూసి విరగబడుతుంది. వాటిలో రెండు వందల పదమూడో మొక్క మీద ఆయనకు మొదటినుంచీ గురి. మంచం పట్టే ముందు, "ఇది గెలిస్తే చూసి పోతానమ్మా," అన్నాడు.

అందుకే మార్చిలో అర్మీదా ఎవరికీ చెప్పకుండా దాని కొన గిల్లింది. కొన గిల్లితే కొమ్మలు ఎక్కువ, పూలూ ఎక్కువే. కానీ పూత మూడు వారాలు వెనకబడుతుంది. తోటపనిలో చెయ్యి తిరిగిన మనిషికి ఆ ఒక్క రోజు ఆ సంగతి తట్టలేదు. ప్రేమ ఎక్కువైతే ఇంతే కాబోలు.

ఇప్పుడు దాని ముందు కూర్చుంది. విచ్చినవి నాలుగు. మొగ్గలు పదకొండు, రంగు తేలి, రేపో మాపో అన్నట్టున్నాయి.

"ఎన్ని?" అన్నాడు కాగితం పట్టుకున్న తోట యజమాని సిల్వానో.

"నాలుగు. ఇంకో వారం ఉంచండి బాబూ. కొన నేనే గిల్లాను. తప్పు మొక్కది కాదు."

గిల్లినదాన్ని గిల్లనివాటితో ఎలా పోల్చమంటావని అతను మెత్తగానే అడిగాడు. అదీ నిజమే. ఆమె దాన్ని తన చేత్తోనే పీకింది. రకం బయటికి పోకుండా వేరు గాని పిలక గాని తోట దాటనివ్వరు. పూలూ మొగ్గలూ ఉన్న కాడలు మాత్రం పట్టుకెళ్లమన్నాడు.

సాయంత్రం వాటితో నేవియో ఇంటికి వెళ్లింది. ఆయన కళ్లు తెరవకుండానే మొగ్గలు తడిమి, కొన ఎవరు గిల్లారని అడిగాడు.

"నేనేనయ్యా."

"నేనైనా గిల్లేవాణ్ణే."

ఆమె గ్లాసులో నీళ్లు తెచ్చేసరికి ఆయన చెయ్యి మంచం పక్కకు జారి ఉంది. పిలిచింది. పలకలేదు. ఏం చేయాలో తోచక కాడలను నీళ్లలో ఉంచి, గ్లాసు కిటికీలో పెట్టింది.

మూడో రోజు సమాధి దగ్గరనుంచి అందరితో పాటు తిరిగొచ్చి, ఆ గది తలుపు తీసింది. కిటికీలో గ్లాసు అలాగే ఉంది; అందులో పదిహేను పూలు, ఒక్కటీ ముడుచుకుని లేదు.