ఈశాన్యానికి కట్టేసిన గాలిసంచి

నేను ఒక గాలిసంచిని. నా గుడ్డ చిరిగి రిషిత కింద పడుతుందేమోనన్నదే నాకున్న అన్నిటికన్నా పెద్ద భయం. రిషిత ఎనిమిది నెలల పసిపిల్ల. ప్రస్తుతం నాలోనే నిద్రపోతోంది. తను లేచేలోపు నా సంగతి చెప్పేస్తాను.

నన్ను కుట్టింది టెంట్లు కుట్టే ఒక ముసలాయన. నారింజ, తెలుపు పట్టీలు, ఏనుగు తొండమంత పొడవు. ఊరవతల ఫ్లయింగ్ క్లబ్బులో ఇనప స్తంభమెక్కించారు. నా పని ఒక్కటే, గాలి ఎటు నుంచి వస్తే అటు నోరు తెరవడం. విమానం ఎదురుగాలిలో దిగాలి కదా, పైలట్లు నా నోరు ఎటుందో చూసుకుని అటువైపుగా దిగేవాళ్లు. నోరు తెరిచినందుకు ఇంత మర్యాద ఇంకెవరికీ దొరికి ఉండదు.

మా సభ్యులంతా ఆదివారం మనుషులు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి పైకి లేచేవాళ్లు. ఎవరి ఫామ్‌హౌస్ వాళ్లు చూసుకుని దిగి ఇడ్లీ తినేవాళ్లు. పక్కోడి ఈతకొలను పెద్దదిగా కనబడిన రోజు ఇడ్లీ సహించేది కాదు.

రాన్రాను సభ్యులు తగ్గారు. ప్రెసిడెంటు దామోదర్‌రావు గారు రన్‌వే మీద గుంతలు చూడలేదు, వాస్తు సిద్ధాంతిని పిలిపించారు. ఆయన సరాసరి నా వైపు వేలెత్తాడు.

"దీని నోరు నైరుతికి తెరిచారేమండీ? లక్ష్మి అటే పోతోంది. ఈశాన్యానికి తిప్పండి."

"అది గాలిని బట్టి తిరుగుతది సామీ," అన్నాడు వాచ్‌మన్ మొగిలయ్య.

"వాస్తు నీకు తెలుసా? ఎక్కి కట్టు," అన్నారు ప్రెసిడెంటు గారు.

మొగిలయ్య ఎక్కాడు. లోపల వెదురు బద్దలు దోపి, గుడ్డకు చిల్లులు పొడిచి, ఇనప తీగతో నన్ను ఈశాన్యానికి బిగించాడు. తొలకరి రోజులు. నైరుతి గాలి వెనక నుంచి తంతుంటే, నేను ముందుకు నోరు తెరుచుకుని నిండుగా అబద్ధం చెప్పాను.

ఆ ఆదివారం, క్లబ్బులో విమానం నడపడం నేర్పే ఆల్‌ఫ్రెడ్ సారు నన్ను నమ్మి ఈశాన్యం వైపుగా దిగారు. వెనకగాలి విమానాన్ని నెట్టుకుపోయి, కంచె తెంపి, మక్క చేలో పడేసింది. సారుకు భుజం విరిగింది. ఆయనకు చూపు తగ్గిందన్నారు ప్రెసిడెంటు గారు. తనను ముందే పిలవాల్సిందన్నాడు సిద్ధాంతి. నేర్పే సారు పోయాక నేర్చుకునేవాళ్లూ పోయారు, విమానాలూ అమ్ముడుపోయాయి. ఇప్పుడు రైతులు రన్‌వే మీద మక్కలు ఆరబోస్తున్నారు. దానివల్ల ఊరికి ఉపయోగం కలగడం ఇదే మొదలు.

మొగిలయ్య నన్ను దించి, తీగ, బద్దలు లాగేసి, కూతురు రిషితకు షెడ్డు దూలానికి ఉయ్యాల కట్టాడు. అతని భార్య స్వరూప గుడ్డ పట్టి లాగి చూసింది.

"ఎండకు చివికినట్టుంది. ఆగుతదా?"

"విమానాలే నమ్మినయ్ దీన్ని. పిల్ల ఎంత బరువుంటది?"

స్వరూప నమ్మలేదు. రోజూ లాగి చూస్తూనే ఉంది. కానీ తను లాగేది అంచుల దగ్గర. చిరుగు పట్టింది అడుగున, మడత చాటున, ఆనాడు తీగ పొడిచిన చిల్లుల దగ్గర. పిల్ల కాలు విదిలించినప్పుడల్లా ఒక చిల్లు పక్క చిల్లుతో కలుస్తోంది. కింద చూస్తే గచ్చు. స్వరూపేమో చేలో కలుపు తీస్తూ, సాలుసాలుకూ తల తిప్పి షెడ్డు వైపు చూస్తోంది. నా నోరు తెరిచే ఉంది గానీ, అందులో నుంచి మాట రాదు.

మీరు అటు వెళితే, రన్‌వే చివర రేకుల షెడ్డులోకి ఒక్కసారి తొంగి చూడండి. రిషితను ఎత్తి కింద పడుకోబెట్టండి. స్వరూపకు కేకేయండి. ఎదురుగాలైతే వినపడదు, చేలోకి దిగి చెప్పండి.