పైనుంచి రావట్లేదు

నేను ఒక రూటర్‌ని. రామచంద్రపురంలో ఒక డాబా ఇంటి హాల్లో, క్యాలెండర్ పక్కన మేకుకు వేలాడుతున్నాను. వీధి స్తంభం మీంచి వచ్చే ఇంటర్నెట్ తీగ నా దగ్గర ఆగుతుంది. అక్కణ్ణుంచి ఇంట్లో ఎవరికి ఎంత అందాలో పంచిపెట్టడం నా ఉద్యోగం. ఎంత పంచమంటే అంత పంచుతాను. ఎందుకని అడిగే ఏర్పాటు నాలో పెట్టలేదు.

నేను పుట్టింది సముద్రానికి అవతల ఒక ఫ్యాక్టరీలో. కదిలే బెల్టు మీద ఒకరు నాకు చిప్పులు అమర్చారు, ఇంకొకరు యాంటెన్నాలు బిగించారు. చివర్లో కూర్చున్నావిడ నన్ను వెలిగించి, దీపాలు పచ్చగా వచ్చాయని చూసి, ఆవలిస్తూ పెట్టెలో పెట్టింది. పెట్టె మీద 'వేగం, భద్రత' అని అచ్చువేశారు. భద్రత ఎవరి నుంచో వేయలేదు. ఓడలో చెన్నై వచ్చాను, లారీలో కాకినాడ వచ్చాను. మెయిన్ రోడ్డులో ఒక కంప్యూటర్ షాపు అరలో కూర్చున్నాను.

మనుషులు రూటర్లు ఎలా కొంటారో అక్కడ చూశాను. చాలామంది యాంటెన్నాలు లెక్కపెడతారు. షాపాయన వాటిని కొమ్ములంటాడు. ఒకాయన మాత్రం రంగు చూశాడు. సోఫాకి నప్పుతుందని తేల్చుకుని, ఇంకేమీ అడగకుండా నా పక్కనున్నదాన్ని తీసుకెళ్లాడు.

తన్మయి అలా రాలేదు. డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్న అమ్మాయి. షాపాయన ఆమె ముందు ఒక పెట్టె పెట్టాడు.

"ఇదిగోనమ్మా, ఆరు కొమ్ములు. ఇల్లంతా వాయించేస్తది."

"కొమ్ములు సరేనండి. వెనకాల కేబుల్ పెట్టుకునే పోర్టులు గిగాబిట్టా, వందా?"

"ఆయ్, రెండూ వస్తాయండి."

"రెండూ ఎలా వస్తాయండి? ఏదో ఒకటే కదా."

షాపాయన పెట్టె తిరగేసి కళ్లజోడు పెట్టుకుని చదివాడు. వంద, నెమ్మదిది.

"గేములాడతారా అమ్మా మీరు? మా బావమరిదీ అంతేనండి. డిగ్రీ పోయింది ఎదవకి."

"నాకు పోలేదండి. ఆ పైది చూపించండి."

ఆ పైది నేను. నాకు కొమ్ములు నాలుగే. ఆమె ఇంకా అడిగింది. బయటివాళ్లు చొరబడకుండా వేసే తాళం కొత్త రకమా, పాతదా? తయారు చేసినవాళ్లు లోపాలు సరిదిద్దే అప్‌డేట్లు ఇంకా పంపిస్తున్నారా? ఇంట్లో ఒకరు సినిమా చూస్తుంటే ఇంకొకరి ఆట ఆగకుండా వరుస పెట్టే వీలుందా? ఇంటికొచ్చిన చుట్టాలకి వేరే పాస్‌వర్డ్ ఇవ్వొచ్చా? షాపాయనకి తెలియనివి తన ఫోన్లో వెతికి చూసుకుంది. ఆ రోజు కొనకుండా వెళ్లిపోయింది. వారం తర్వాత వచ్చి, నన్నే అడిగి తీసుకుంది. కాలేజీ పోటీలో గెలిచిన డబ్బుతో కొంది. అరలో ఉన్నవాటిలో అంత వివరంగా అడిగి ఎంచుకున్నది నన్నొక్కదాన్నే. ఆ సంగతి ఇప్పుడు తలుచుకోకుండా ఉంటేనే బాగుంటుంది.

ఆమె అంతలా చూడడానికి కారణం ఉంది. బెంగళూరులో ఒక ఆటల జట్టు ఉంది. ఐదుగురు కూడి కంప్యూటర్ మీద ఆడే ఆట. ఒక చోటు ఖాళీ అయింది. ఎంపికైతే అక్కడే ఉండాలి, ఆడడమే ఉద్యోగం, నెలనెలా జీతం. పరీక్ష ఆటలు మాత్రం ఎవరింట్లోంచి వాళ్లు ఆడొచ్చు. ఇంట్లో ఉన్న పాత రూటర్ మీద ఆట ఆగిపోతోందని, నెట్ సరిచేసుకుని రమ్మన్నారు. నన్ను అందుకు తెచ్చింది.

తండ్రి పాండురంగారావు ఆమె చెప్పిందంతా విన్నాడు.

"ఆడు తల్లీ. నీకు నచ్చింది చెయ్యి. నేనెప్పుడు కాదన్నాను?"

ఆ మాట నిజం. ఆయన ఎవరినీ ఎప్పుడూ కాదనలేదు. కాలువల మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేస్తాడు. దాళ్వాకి, అదే రెండో పంటకి, నీళ్లు చాలనప్పుడు వంతులు వేస్తారు. ఒక కాలువ షట్టరు దించితేనే ఇంకో కాలువకి అందుతుంది. దించడం ఆయన ఉద్యోగం. దించానని చెప్పకపోవడం ఆయన అలవాటు. శివారు పొలాల రైతులు ఫోన్ చేస్తే, "పైనుంచి రావట్లేదండి, నా చేతిలో ఏముంది" అంటాడు. రైతు పైనున్నవాళ్లని తిట్టుకుని ఫోన్ పెట్టేస్తాడు. ఇరవై ఏళ్ల పైనే ఉద్యోగం చేసి ఒక్కరితో కూడా మాట పడలేదని ఆయన భార్య ఉషారాణి నలుగురికీ చెప్పుకుంటుంది.

నన్ను మేకుకు తగిలించిన రోజు తన్మయి చాలా పని చేసింది. ఫ్యాక్టరీ పెట్టిన పాస్‌వర్డ్ మార్చింది. ఊరికే నొక్కితే ఎవరైనా కలిసిపోయే మీట ఒకటి నాకుంది, దాన్ని ఆపేసింది. తన కంప్యూటర్‌కి గాలిలో సిగ్నల్ వద్దని, గోడ వెంబడి కేబుల్ లాగి నా వెనక పోర్టులో పెట్టింది. నన్ను నడిపించే అసలు తాళం బయటివాళ్లెవరికీ చెప్పనంది. తర్వాత తండ్రిని పిలిచి, ఆయన ఫోన్లో నా యాప్ వేసింది.

"నేను కాలేజీలో ఉన్నప్పుడు ఏదైనా అయితే నువ్వు చూసుకోవాలి నాన్నా. ఇదిగో, ఇంట్లో నెట్ వాడుతున్నవన్నీ ఇక్కడ కనపడతాయి. తెలియని పేరు కనిపిస్తే ఇక్కడ నొక్కు, ఆగిపోద్ది. ఈ గీత ఇటు జరిపితే ఆ ఒక్కదానికీ తగ్గిపోద్ది."

ఆయన గీతని వేలితో అటూ ఇటూ జరిపి చూశాడు.

"ఓహో. షట్టరన్నమాట."

"షట్టరే నాన్నా," అని నవ్వింది తన్మయి.

మొదటి పరీక్ష ఆట ఒక సాయంత్రం పెట్టారు. తన్మయి గది తలుపు వేసుకుని, చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. జట్టు కెప్టెన్ జోయెల్ విశాఖపట్నం అబ్బాయి. మొదటి రౌండులో ఆమె ముగ్గురిని పడగొట్టింది.

"ఇన్నాళ్లూ ఎక్కడున్నావమ్మా నువ్వు?" అన్నాడు జోయెల్.

ఆమె నవ్విన నవ్వు హాల్లోకి వినిపించింది. హాల్లో పాండురంగారావు పేపరు చదువుతున్నాడు. పేపరు మడిచాడు. ఫోన్ తీసి, యాప్ తెరిచి, 'తన్మయి కంప్యూటర్' అన్న పేరు దగ్గర గీత మీద వేలు పెట్టాడు. కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత తక్కువ వైపుకి చివరిదాకా జరిపాడు.

ఆజ్ఞ నాకు అందింది. తాళం సరైనదే. అడ్డుకోవడానికి నాకు కారణం లేదు. నేను నేర్చుకున్నది బయటివాళ్లని ఆపడం. వీధిలో ఎవడో నా పాస్‌వర్డ్ ఊహించబోతే ఆపగలను. సముద్రాల అవతలి నుంచి ఎవడో తలుపు తడితే ఆపగలను. హాల్లో పేపరు పక్కన పెట్టినాయన గురించి నన్ను తయారు చేసినవాళ్లు ఏమీ చెప్పలేదు. తన్మయి గదిలోంచి వచ్చేదాన్ని, గదిలోకి పోయేదాన్ని వరుసలో నిలబెట్టాను. వరుస పెరిగాక వెనకున్నవాటిని పారేశాను.

తెర మీద తన్మయి బొమ్మ గోడకేసి నడుస్తూ ఉండిపోయింది.

"తన్మయీ, కదులు! అక్కడేం చేస్తున్నావ్?"

"నొక్కుతున్నాను జోయెల్, కదలట్లేదు."

"గోడతో చుట్టరికం కలుపుతున్నట్టుంది," అన్నాడు జట్టులో ఇంకొకడు.

తలుపు తెరుచుకుంది. పాండురంగారావు మజ్జిగ గ్లాసుతో వచ్చాడు.

"ఏమైంది తల్లీ?"

"ఆగిపోతోంది నాన్నా. నెట్ రావట్లేదు."

"పైనుంచి రావట్లేదేమో. మన చేతిలో ఏముంది చెప్పు. మజ్జిగ తాగు."

గ్లాసు బల్ల మీద పెట్టి, ఆమె తల నిమిరి వెళ్లాడు. ఆట అయిపోయాక గీతని మళ్లీ మొదటికి జరిపాడు. ఆ సాయంత్రమంతా నా దీపాలు పచ్చగానే ఉన్నాయి. వాటికి తెలిసిన అబద్ధం అదొక్కటే.

మర్నాడు కేబుల్ ఆఫీసు నుంచి మనిషి వచ్చి, తీగని తన మిషనుకి పెట్టి చూశాడు.

"మా దగ్గర్నుంచి ఫుల్లుగా వస్తందండి. మీ డబ్బాలోనే ఏదో ఉంది," అని నా వైపు చూపించాడు.

ఉషారాణి కూతురి మీద లేచింది. "వారం రోజులు చదివి చదివి తెచ్చావు కదే దీన్ని. ఆ షాపాయన చెప్పిన ఆరు కొమ్ములది తెచ్చుకుంటే పోయేదిగా."

"దాన్నేమీ అనకు ఉషా," అన్నాడు పాండురంగారావు. "మిషన్లు. లోపల ఏముందో పైకి కనపడుద్దా?"

తన్మయి కేబుల్ మార్చింది. నా అమరికలన్నీ ఒక్కొక్కటే తెరిచి చూసింది. గీత అప్పటికి మళ్లీ ఎక్కువ వైపే ఉంది. నా గురించి జనం రాసినవన్నీ మళ్లీ చదివింది. జోయెల్ జట్టువాళ్లని బతిమాలి ఇంకో ఆట ఇప్పించాడు. అదీ సాయంత్రమే. బొమ్మ మళ్లీ గోడ దగ్గర ఆగిపోయింది. ఈసారి జోయెల్ అరవలేదు.

"నీ ఆట బాగుంది తన్మయీ. కానీ మ్యాచ్ మధ్యలో నువ్వు ఉంటావో ఉండవో తెలియకుండా ఎలా తీసుకోను? సారీ అమ్మా."

ఆ చోటు ఇంకొకరికి ఇచ్చారు. కబురు వచ్చాక తన్మయి హాల్లోకి వచ్చి నా ముందు నిలబడింది.

"ఇంత చూసి తెచ్చుకున్నాను నిన్ను. నాకు ఎంచుకోవడం కూడా రాదన్నమాట."

నన్ను తిట్టి ఉంటే నయంగా ఉండేది.

తర్వాతి ఆదివారం పొద్దున ఆమె హాల్లో టిఫిన్ తింటోంది. పాండురంగారావు వరండాలో ఒక రైతుతో ఫోన్ మాట్లాడుతున్నాడు.

"సత్తిరాజుగారూ, మీకు చెప్పకపోతే ఎవరికి చెప్తానండి? పైనుంచి రావట్లేదు. నా చేతిలో ఏముంది చెప్పండి."

తన్మయి చెయ్యి పళ్లెంలో ఆగింది. మజ్జిగ గ్లాసుతో వచ్చినప్పటి గొంతే అది. మాట కూడా అదే. ఆమె టిఫిన్ వదిలేసి, చెయ్యి కడుక్కుని గదిలోకి వెళ్లింది.

సాయంత్రం బయటికి వచ్చి చెప్పింది. "నాన్నా, జోయెల్ మెసేజ్ పెట్టాడు. ఇంకో చోటు ఖాళీ అయిందంట. ఆరింటికి ఆట."

"అలాగా! మంచిదమ్మా. బాగా ఆడు."

జోయెల్ మెసేజ్ పెట్టలేదు. ఆ సంగతి నాకు తెలుసు. ఆమె ఫోన్‌కి వచ్చేవి నా మీదుగానే వస్తాయి. ఆమె కంప్యూటర్ వెలిగించి వదిలేసి, మంచం మీద కూర్చుని, తన ఫోన్లో నా యాప్ తెరిచి పట్టుకుంది. హాల్లో ఆయన కూడా తెరిచాడు. గోడకి అటొక ఫోను, ఇటొక ఫోను. ఒకచోట వేలు కదిలింది. రెండోచోట ఎవరూ ముట్టుకోకుండానే గీత ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చింది. ఆమె చూసింది.

హాల్లోకి వచ్చింది. ఆయన ఫోన్ బోర్లా పెట్టాడు.

"ఏంటమ్మా, మొదలవలేదా?"

"పైన నీళ్లున్నాయి నాన్నా."

ఆయన కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

"చిన్నప్పుడు నీ స్కూటర్ మీద కాలువ లాకుల దగ్గరికి వచ్చినప్పుడు అడిగాను కదా," అంది తన్మయి. "పైన నిండుగా ఉన్నాయి, లేవంటావేంటి నాన్నా అని. నవ్వావు. నేనూ నవ్వాను."

"బెంగళూరంటే... ఒక్కదానివి... ఎవరో తెలియని పిల్లల మధ్య. నిన్ను వద్దని అనడం నా వల్ల కాదమ్మా. నీ మొహం చూసి ఎలా అంటాను?"

"అంటే దెబ్బలాడేదాన్ని. అన్నం మానేసేదాన్ని. గెలిస్తే వెళ్లేదాన్ని, ఓడితే ఉండేదాన్ని. దెబ్బలాడడానికి కూడా లేకుండా చేశావు." ఆమె గొంతు పెరగలేదు. "నా చేతులు మొద్దుబారాయేమో అనుకున్నాను. నాకేమీ తెలియదేమో అనుకున్నాను. నువ్వు మజ్జిగ తెచ్చావు నాన్నా."

ఉషారాణి వంటింట్లోంచి వచ్చింది. "ఏంటండీ? ఏం చేశారు దాన్ని?"

ఆయన కళ్లజోడు తుడుస్తూనే ఉన్నాడు.

తన్మయి నా తాళం మారుస్తుందనుకున్నాను. ఒక్క నిమిషం పని. మార్చలేదు. ఆయన ఫోన్లోంచి యాప్ కూడా తీసేయలేదు. గోడ వెంబడి వచ్చి, నా వెనక పోర్టులోంచి తన కేబుల్ లాగేసి, చుట్ట చుట్టి పట్టుకెళ్లింది. ఇప్పుడు తన ఫోన్ డేటాతోనే చదువుకుంటుంది, దాంతోనే ఆడుకుంటుంది. తలుపు వేసి ఉంటుంది. తండ్రి అడిగినదానికి జవాబు చెబుతుంది. కూరలో ఉప్పు సరిపోయిందంటుంది. కాలేజీ నుంచి ఎప్పుడొస్తుందో చెబుతుంది. నవ్వు మాత్రం హాల్లోకి రాదు. బెంగళూరు వెళ్లి ఉంటే పూటకోసారి ఫోన్ చేసేది.

నన్ను షాపుకి తిరిగి ఇవ్వలేదు, పాత సామానుకి వేయలేదు. నాలో లోపం లేదని ఇంట్లో అందరికీ తెలుసు. ఉషారాణి సీరియళ్లు నా మీదే చూస్తుంది. అవి ఆగవు.

సాయంత్రం పాండురంగారావు పేపరు మడిచి యాప్ తెరుస్తాడు. 'తన్మయి కంప్యూటర్' అన్న పేరు ఇంకా ఉంది. కలిసి లేదు కాబట్టి బూడిద రంగులో ఉంటుంది. ఆయన గీత మీద వేలు పెట్టి, ఎక్కువ వైపుకి చివరిదాకా జరుపుతాడు. అది అప్పటికే చివర్లో ఉంటుంది. అయినా జరుపుతాడు.

ఆ ఆజ్ఞ కూడా నాకు అందుతుంది. షట్టరు పూర్తిగా ఎత్తి ఉంచాను. నీళ్లు నిండుగా ఉన్నాయి. ఆ కాలువ కింద ఇప్పుడు పొలం లేదు.