ఇరవై న్యూటన్లు

నిడదవోలు స్టేషన్ దగ్గర ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో రూబీ ఫిజిక్స్ చెబుతుంది. బొమ్మ గీయనిదే పిల్లల్ని లెక్క ముట్టుకోనివ్వదు. వస్తువును ఏది తోస్తోంది, ఏది ఆపుతోంది, ఎటువైపు, అన్నీ బాణాలతో చూపించాకే సూత్రం. ఇలాగైతే సిలబస్ ఎప్పటికవుతుందని ప్రిన్సిపాల్ జగన్నాథరావు గారు మొదట్నుంచీ నసుగుతూనే ఉన్నారు.

ఆ వారం పరీక్షలో ఒక లెక్క వచ్చింది. నేల మీద పెట్టె ఉంది. నేల దాన్ని గరిష్ఠంగా యాభై న్యూటన్ల దాకా ఆపగలదు. మనం ఇరవైతో తోస్తే ఘర్షణ ఎంత? హెడ్డాఫీసు పంపిన జవాబుల కీలో యాభై అని ఉంది. రూబీ సెక్షన్లో దాదాపు అందరూ ఇరవై పెట్టారు. ర్యాంకుల్లో సెక్షన్ కిందికి జారిపోయింది. జగన్నాథరావు గారు కబురు పెట్టారు.

"మీ బొమ్మలు చేసిన పని చూశారా?"

"పిల్లలు సరిగ్గానే పెట్టారండీ. కీ తప్పు."

"హెడ్డాఫీసు కీ తప్పెలా అవుతుంది మేడం?"

రూబీ గది మూలనున్న ఇనప బీరువా చూపించింది. "దాన్ని మెల్లగా తోయండి సార్."

ఆయన విసుగ్గా లేచి ఒక చెయ్యి ఆనించి తోశారు. కదల్లేదు.

"మీరు ఎంత తోస్తే నేల అంతే ఆపుతోంది. అంతకన్నా ఎక్కువ ఆపితే బీరువా మీ మీదకి రావాలి కదండీ."

ఆయన చెయ్యి దులుపుకుని కూర్చున్నారు. "తెలుసమ్మా. నేనూ ఫిజిక్స్ చెప్పినవాణ్ణే. పైవాళ్ళకి చెప్పలేను. క్లాసులో యాభై అని చెప్పెయ్యండి."

ఆయన తెలియక అన్నారనుకుంటే ఆమెకి అంత కోపం వచ్చేది కాదు.

"చెప్పనండి."

"మీ సెక్షన్ మారిపోతుంది."

"మార్చండి."

రూబీ నేరుగా క్లాసుకి వెళ్ళింది. ఎప్పుడూ ఫస్టొచ్చే వెంకటదుర్గ ఎర్రబడ్డ కళ్ళతో లేచి నిలబడింది. "మేమెక్కడ తప్పు చేశాం మేడం?"

రూబీ బోర్డు మీద పెద్దక్షరాలతో రాసింది: జవాబు ఇరవై. కీ తప్పు. వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో జగన్నాథరావు గారు. ఆమె డస్టర్ ముట్టుకోలేదు.

సోమవారం ఆమెని చివరి సెక్షన్‌కి వేశారు. వీళ్ళకి సూత్రాలు బట్టీ పట్టిస్తే చాలని అందరూ వదిలేసిన పిల్లలు. రూబీ పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది.

"దీని మీద ఫ్రిక్షన్ ఎంత?"

చివరి బెంచీలోంచి బుల్లిరాజు అన్నాడు, "సూత్రం మర్చిపోయానండి."

"సూత్రం అడగలేదు. దాన్నెవరైనా తోస్తున్నారా?"

"లేదండి."

"మరి?"

వాడు పుస్తకం వంక చూశాడు. "ఎవరూ తోయట్లేదు కదండీ. ఇంక ఆపడానికేముంటుంది? సున్నానండి."

వరండాలో చెప్పుల చప్పుడు గది ముందుకొచ్చి ఆగింది. రూబీ గొంతు పెంచింది.

"సున్నా. కరెక్ట్. ఇప్పుడు అందరూ బొమ్మ గీయండి."