ఎర్లీన్ అత్త షిఫ్టు

డెట్రాయిట్ తూర్పు పక్కన కారు తలుపులు చేసే ఫ్యాక్టరీని కూల్చి పద్దెనిమిదేళ్ళయింది. ఇప్పుడక్కడ మోకాలెత్తు గడ్డి తప్ప ఏమీ లేదు. అయినా మధ్యాహ్నం మూడు కొట్టగానే రేకుల్ని తలుపులుగా ఒత్తే పాత ప్రెస్సు చప్పుడు మొదలవుతుంది. ధన్, ధన్, ధన్ అని నిమిషానికి నూట ఇరవయ్యారు దెబ్బలు, వాటి అడుగున ఎడతెగని ఒక గుంయ్. అది వినబడగానే వీధిలో ఆడవాళ్ళు పొయ్యి మీద చిక్కుడు గింజలు పడేస్తారు.

ఎర్లీన్‌కు మాత్రం చేతులు వాటంతటవే కదులుతాయి. ముప్పై ఏళ్ళు ఆ ప్రెస్సుకు రేకులందించిన చేతులవి. రేకు పెట్టడం, చెయ్యి లాక్కోవడం, మళ్ళీ పెట్టడం. మొదట్లో ఇరవై నిమిషాలుండేది. ఏటేటా పెరిగి ఈ వేసవికి రాత్రి భోజనాల దాకా సాగుతోంది. చెంచా నిలవదు. పండగల్లో రికార్డులు కలిపి మోగించే డీజే, మేనకోడలు రెనెటాయే తినిపిస్తోంది.

"ఈ శనివారం ఆ ఫ్యాక్టరీ మైదానంలో వీధి పండగ కదా," అంది రెనెటా ఒకరోజు, ఆమె మూతి తుడుస్తూ. "ప్రెస్సును నేను మిక్స్ చేసి దింపేస్తానత్తా."

"అది నీ టెక్నో రికార్డనుకున్నావేంటే?"

"లయ ఉంది, శ్రుతి ఉంది. ఇంకేం కావాలి? నడుస్తున్న దాన్ని ఠక్కున ఆపితే ఒళ్ళు ఊరుకోదు. పక్కన ఇంకోటి జత చేసి, నెమ్మదిగా దాని మీదికి దాటించాలి. నా పనే అది."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం రెనెటా.

శనివారం మూడింటికి రెనెటా మైకు ఒకటి గడ్డిలో పడుకోబెట్టి, దాని తీగను మిక్సర్‌కు కలిపింది. ఒక మీట ప్రెస్సుకి, ఇంకో మీట రికార్డుకి. ప్రెస్సు గుంయ్ పాశ్చాత్య సంగీతపు 'జి' శ్రుతిలో ఉందని ముందే చూసుకుంది. ఆమె రికార్డులన్నిటి మీదా శ్రుతి రాసిన చీటీలుంటాయి. 'జి' అన్నది తీసి, నూట ముప్పై నాలుగు దెబ్బల దాన్ని నూట ఇరవయ్యారుకు తగ్గించి వదిలింది. దెబ్బ మీద దెబ్బ సరిగ్గా పడింది. ప్రెస్సు మీట కిందికి లాగింది.

ప్రెస్సు తగ్గలేదు, రెచ్చిపోయింది. ఎర్లీన్ చేతులు రెండింతలు వేగంగా ఆడాయి.

"ఓ రెనెటా! మీ అత్తను పండగకు తెచ్చావా, డ్యూటీకి తెచ్చావా?" పక్కటెముకల మాంసం కాలుస్తున్న క్లియోటిస్ అరిచాడు. అతనూ ఆ ప్రెస్సు మనిషే.

రెనెటాకు ఏడుపొచ్చింది. ఏడవలేదు. మళ్ళీ జత చేసింది. మళ్ళీ అదే.

"పళ్ళు జివ్వుమంటున్నాయే," అంది ఎర్లీన్ రొప్పుతూ. "దెబ్బ బాగానే కుదిరింది. నీ పాటే నా మిషన్ కంటే ఒక పిసరు కిందికి కూర్చుంది."

రెనెటా నెత్తి కొట్టుకుంది. రికార్డును అంత నెమ్మది చేస్తే శ్రుతీ అరమెట్టు దిగుతుంది. చీటీ మీద రాసింది అసలు వేగానికి. పదేళ్ళుగా పదిమందికి నేర్పిన పాఠమే, అత్త చేతులు చూస్తూ మరిచిపోయింది.

అదే వేగంలో, చీటీ ప్రకారం అరమెట్టు పైనున్న రికార్డు వెతికి తీసింది. నూట ఇరవయ్యారుకు దింపి, చెవికి ఆనించుకుని విని, వదిలింది. రెండు గుంయ్‌లూ ఒక్కటయ్యాయి. క్లియోటిస్ పటకారు దించాడు.

ప్రెస్సు మీటను వెంట్రుకవాసి చొప్పున కిందికి లాగింది. ఈసారి ప్రెస్సు తగ్గింది. దాని దెబ్బ రికార్డు దెబ్బలోకి దాటుకుంటూ పోయింది. మీట అడుగుకు చేరేసరికి గడ్డిలో ప్రెస్సు చప్పుడే లేదు. రికార్డు ఒక్కటే మోగి, మోగి, చివరి గీత దాకా వెళ్ళి ఆగింది.

ఎర్లీన్ చేతులు ఆగాయి. వాటిని ఆమె కాసేపు చూసుకుంది. తర్వాత లేచి, కుడిచెయ్యి చాచి, షిఫ్టు దిగేటప్పుడు హాజరు కార్డు గుద్దే గడియారం ఒకప్పుడున్న చోట, గాలిలో ఒక్క గుద్దు గుద్దింది. ఫ్యాక్టరీ మూసిన రోజు షిఫ్టు మధ్యలోనే అందరినీ గేటు బయటికి తోలేశారు. ఆ వేళ ఎవరూ కార్డు గుద్దలేదు.

ఆమె వెనకే క్లియోటిస్ వచ్చి గుద్దాడు. అతని వెనక ఇంకో పదిహేను మంది ముసలాళ్ళు వరసలో నిలబడ్డారు.

"అత్తా, తినిపించనా?" అంది రెనెటా, పళ్ళెం అందుకుంటూ.

"నాకు చేతుల్లేవా? ఆ పళ్ళెం ఇలా తే," అంది ఎర్లీన్.