హొన్నూర్ సాబ్ మూడో చెవి

నేను ఒక పైపు పానాను. పద్దెనిమిది అంగుళాల పొడవు, ఒకప్పుడు ఒళ్లంతా ఎర్రరంగు, ఇప్పుడు తుప్పు రంగు. నా పై దవడ వదులుగా ఉంటుంది. పైపు దొరికేదాకా టకటకమంటూనే ఉంటుంది. అది లోపం కాదు, నన్ను చేసిన తీరే అంత. బిగుసుకుని కూర్చునే దవడ పైపును పట్టలేదు. అందుకే నాకు కుదురు లేదు. సంచిలో వేసినా, మేకుకు తగిలించినా, ఎప్పుడెప్పుడు పనిలో పడదామా అని లోపల ఒకటే కొట్టుకులాట.

పుట్టింది ఎక్కడో పంజాబు కొలిమిలో. ఎర్రగా కాలి, సమ్మెట దెబ్బలు తిని, నూనెలో మునిగి లేచాక నలభై మంది తోబుట్టువులతో చెక్కపెట్టెలో రైలెక్కి గుంతకల్లులో దిగాను. నన్ను మొదట కొన్నవాడు విరుపాక్షి అనే కాంట్రాక్టరు. బెళుగొండ ఊరికి మొట్టమొదట కుళాయిలు వేయించింది ఆయనే. మనిషి మంచివాడే కానీ చేతికి ఏది దొరికితే దానితో మేకులు కొట్టే రకం. నన్నూ సుత్తిలాగే వాడాడు. నా వీపు మీది సొట్టలన్నీ ఆయన చలవే. ఒకనాడు ఏటిగట్టున తవ్విన గోతిలో నన్ను మరిచిపోయి టీకి వెళ్లాడు. ఆ టీ అంత బాగుందేమో, మళ్లీ రాలేదు.

ఆ ఊరి గాలి సంగతి చెప్పాలి. వేదవతి నదిని అక్కడ హగరి అంటారు. ఏటిలో నీళ్లు కనబడేది ఎన్నేళ్లకో ఒకసారి. ఇసుక మాత్రం ఏడాది పొడుగునా పారుతుంది. ఆషాఢంలో గాలి లేచిందంటే ఇసుకదిబ్బలు ఒక చేను దాటి ఇంకో చేనుకు నడిచి పోతాయి. ఆ దిబ్బల్లో ఒకటి నా మీదికి నడిచింది. రెండేళ్లు దాని కింద పడి ఉన్నాను. నాలాంటి వాడికి అంతకన్నా పెద్ద శిక్ష లేదు.

ఇసుక కోసం గడ్డపార పట్టుకుని వచ్చి నన్ను బయటికి తీసినవాడు హొన్నూర్ సాబ్. అప్పటికి పాతికేళ్ల వాడు. వాళ్లది దూదేకుల ఇల్లు. తండ్రి వెంట ఊరూరా తిరిగి, విల్లు నారి మీటి దూది ఏకేవాడు. నారి మోతను బట్టే దూది పొడిగా ఉందో, చెమ్మ పట్టిందో చెప్పేవాడట. ఫ్యాక్టరీ పరుపులు వచ్చి ఆ పని పోయింది, చెవి మాత్రం మిగిలింది. నన్ను చీరతో తుడిచి కిరసనాయిలు పెట్టింది ఆయన భార్య మాబున్ని. ‘ఇనుప ముక్కకు ఇంత సేవ ఏందయ్యా’ అని సణుగుతూనే తుడిచింది.

బెళుగొండలో పాత ఇళ్లన్నీ మట్టి మిద్దెలు. రాయీ మట్టీ కలిపి కట్టిన గోడలు, నేలంతా నాపబండలు, వాటి కింద విరుపాక్షి పాతించిన ఇనుప పైపులు. ఆ నేల ఉప్పు నేల, పైపును బయటి నుంచే తినేస్తుంది. పైపు కారితే గోడ తడుస్తుంది, తడిసిన మట్టిగోడ ఎంతోకాలం నిలబడదు. ఎక్కడ కారుతుందో తెలియాలంటే ఇల్లంతా బండలు లేపాలి. హొన్నూర్ సాబ్ లేపేవాడు కాదు. నా దవడను బండకు ఆనించి, తోకను చెవి వెనక ఎముకకు ఆనించి, కళ్లు మూసుకుని వినేవాడు. కింద నీళ్లు చిమ్మే చప్పుడు నా ఒంట్లో ఎక్కి ఆయన తలలోకి పోయేది. బండ తరువాత బండ జరుపుతూ పోయి, సుద్దముక్కతో ఒక చోట గీత గీసేవాడు. ఆ ఒక్క బండ లేపితే చాలు. ముప్పయ్యేళ్లు ఆ గీత తప్పలేదు.

తరువాత తప్పింది. తప్పడానికి ముందే నాకు తెలుసు. నేను వినిపిస్తున్నాను, ఆయనకు వినపడటం లేదు. మాబున్ని ‘అన్నం తింటావా’ అంటే ‘రేపు పోతా’ అనేవాడు. ఆమె నోట కొంగు పెట్టుకుని లోపలికి వెళ్లేది. అయినా పనికి పిలుపు వస్తే పోయేవాడు. కళ్లు మూసుకునేవాడు, తల ఊపేవాడు. పాత ఇళ్లలో అతుకులు ఎక్కడెక్కడ వేస్తారో అనుభవం మీద ఊహించి గీత గీసేవాడు. అదృష్టం కొద్దీ రెండిళ్లలో ఊహ నిజమైంది. చెవిటివాడని తెలిస్తే ఇంకెవరు పిలుస్తారన్నదే ఆయన భయం. నా బాధ వేరు. ఎదుటివాడు తప్పు దారిలో పోతుంటే తెలిసీ చెప్పలేకపోవడం ఎంత గిలగిలో, దవడ ఉండీ మాట లేనివాడికే తెలుస్తుంది.

అలాంటి రోజుల్లో తిప్పమ్మ పిలిచింది. ఆమె ఒంటరి మనిషి, నలభై అయిదేళ్లది. వెనక గోడకు ఆనుకుని మట్టి పొయ్యి వేసుకుని, ఊళ్లో హోటళ్లకు రోజుకు రెండు వందల జొన్నరొట్టెలు కొట్టి ఇస్తుంది. ఆ గోడ తడిసి గర్భిణిలా ముందుకు ఉబ్బింది. ఆమె ఇంటి కింద నుంచే పైపు వెనక నాలుగిళ్లకు పోతుంది. బిరడా కొట్టి ఆపుదామంటే ఆ నాలుగిళ్ల వాళ్లు ఒప్పుకోరు, ఎందుకంటే ఊళ్లో నీళ్లు వదిలేదే ఎనిమిది రోజులకు ఒకసారి, అదీ పొద్దున ఒక్క గంట. పైపు కారే చప్పుడు వినాలన్నా ఆ ఒక్క గంటలోనే వినాలి.

‘ఈ తూరి దొరకల్యా అంటే గోడ పడిపోతాదన్నా. గోడతోపాటు నా పొయ్యి పోతాది. పొయ్యి మాత్రం ముట్టుకోవద్దు, దాని వేడి కుదరను నాకు ఆర్నెల్లు పట్టింది’ అంది తిప్పమ్మ, పొయ్యికి అడ్డంగా చేతులు చాపి.

నీళ్లు వదిలారు. హొన్నూర్ సాబ్ నన్ను బండల మీద ఆనించి తిరిగాడు. వెనక పొయ్యి వైపు నుంచి చప్పుడు వస్తోందని నా ఒళ్లంతా చెబుతోంది. ఆయన నడిమింటి గడప దగ్గర ఆగాడు. చాలా ఇళ్లలో అతుకు అక్కడే ఉంటుంది మరి. గీత గీశాడు. గడ్డపార వేశాడు. బండ రెండు ముక్కలై లేచింది. కింద పొడి ఇసుక. చేత్తో తవ్వాడు. ఇంకా పొడి ఇసుకే. పక్క బండ కూడా లేపాడు. తిప్పమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తోంది.

‘ఇదేందన్నా? నువ్వు గీత గీసినాక రెండో బండ పగలగొట్టింది నేనెప్పుడూ ఇనల్యా.’

ఆయనకు మాట అందలేదు గానీ ముఖం అందింది. వెనక గోడ మీది నుంచి పెళ్ల ఒకటి జారి పొయ్యి పక్కన పడింది. దాన్ని మాత్రం చూశాడు. గంటలో సగం అయిపోయింది. సంచి సర్దుకుని పోవచ్చు. ‘పైపు లోతుగా ఉంది, రేపు చూద్దాం’ అనవచ్చు. అంటాడేమోనని నేను భయపడ్డాను కూడా.

అనలేదు. వీధి తలుపు వైపు ఒకసారి చూసి, తిప్పమ్మను పొయ్యి దగ్గరికి పిలిచి, ఆమె చెవి దగ్గర వంగి, ఎంతో గుట్టుగా రహస్యం చెప్పాడు.

చెప్పాడని ఆయన అనుకున్నాడు. చెవుడు వచ్చిన మనిషికి తన గొంతు ఎంత పైకి లేచిందో తెలియదు. గుసగుస అనుకున్నది వీధి చివరిదాకా వినపడింది.

‘తిప్పమ్మా! నాకు నాలుగు నెల్లాయ చెవులు పని చెయ్యక! ఎవురికీ చెప్పొద్దు! నా అన్నం పోతాది!’

వీధి కుళాయి దగ్గర జనం బిందెలతో నిలబడి ఉన్నారు. మాటలు టక్కున ఆగిపోయాయి. ఒకామె బిందె నిండి పొర్లుతున్నా తీయలేదు. తిప్పమ్మ తలుపు వైపు చూసింది. అందరూ ఒక్కసారిగా ఎవరి బిందెలోకి వాళ్లు తొంగి చూశారు. ఆయన మాత్రం వీధికి వీపు పెట్టి, ఆమె జవాబు కోసం చూస్తున్నాడు.

తిప్పమ్మ నోటి మీద వేలు పెట్టుకుని, చెప్పనన్నట్టు తల ఊపింది. ఆయన గుండెల నిండా ఊపిరి పీల్చి నన్ను ఆమె చేతిలో పెట్టాడు. ఎలా ఆనించాలో, ఎముక ఎక్కడుంటుందో వేలితో చూపించాడు. ముప్పయ్యేళ్లలో నన్ను ఇంకొకరి చెవికి ఆనించడం అదే మొదలు. రొట్టెలు కొట్టీ కొట్టీ గట్టిపడిన అరచేయి ఆమెది. పట్టు గట్టిగానే ఉంది. ఒక బండ. ఇంకో బండ. ‘ఈడ సన్నగా… ఈడ ఇంకాస్త పెద్దగా…’ అంటూ జరిగి జరిగి, పొయ్యి మొదట్లో ఆనించగానే తల వెనక్కి లాక్కుంది.

‘అమ్మో! కాలిన పెనం మీద నీళ్లు జల్లినట్ల ఉండాది!’

పొయ్యి వైపు చూసింది. ఆయన గడ్డపార తీసుకోలేదు; ఆమె ముట్టుకోవద్దన్న పొయ్యి అది. చివరికి ఆమే గడ్డపార అందుకుని, కళ్లనీళ్లు కారుతుండగా, మొదటి దెబ్బ తానే వేసింది. పొయ్యి కూలింది. బండ కింద తడి, తడి కింద బురద, బురదలో అతుకు దగ్గర తుప్పు తిన్న పైపు పిచికారీ కొడుతోంది. నీళ్లు ఆగేదాకా గోనెపట్టా చుట్టి అదిమి పట్టారు. ఆగాక హొన్నూర్ సాబ్ నన్ను అందుకుని పాత ముక్క విప్పి, కొత్త మరలకు జనుము పీచు చుట్టి, నీళ్లు కారకుండా తెల్లటి సఫేదా ముద్ద పూసి బిగించాడు. ఆ బిగింపులో తడబాటు లేదు. చెవులు పోయినా చేతులు ఎక్కడికీ పోలేదు. గోడ నిలబడింది. పది రోజుల తరువాత మాబున్ని వచ్చి, తిప్పమ్మతో కలిసి కొత్త పొయ్యి వేసింది.

ఇక ఈయన్ను ఎవరు పిలుస్తారని నేను దిగులుపడ్డాను. పిలిచారు. మనుషుల దయలో సగం వాళ్ల అవసరం ఉంటుందని నాకు తెలుసు. బండలు పగలకూడదు మరి. కానీ మిగతా సగాన్ని కాదనలేను. హొన్నూర్ సాబ్‌ను పిలిచిన ప్రతి ఇంటికీ, ఏదో అనుకోకుండా వచ్చినట్టు, తిప్పమ్మ రొట్టెల బుట్టతో వస్తుంది. ఆమె వింటుంది, కాలి బొటనవేలితో బండను తడుతుంది, ఆయన సుద్దగీత గీస్తాడు. ఆ కాసేపూ ఇంటివాళ్లంతా మిద్దె దూలాల వైపు చూస్తూ ఉంటారు. ఆయనతో మాట్లాడేవాళ్లు ఎదురుగా నిలబడి, పెదవులు బాగా కదిలిస్తూ, ఏదో నాటకంలో వేషం కట్టినట్టు మాట్లాడతారు. ఊరు ఇంత మర్యాదగా మారిందేమిటని ఆయనకు అనుమానమే రాలేదు. ఇన్ని కళ్లు ఇంత కష్టపడి పైకి చూస్తుంటే మధ్యలో నాకే ఉండబట్టేది కాదు.

మొన్న పంపాపతి అని, రిటైరైన డ్రిల్లు మాస్టరు ఇంట్లో పని పడింది. ఒకే ఒక్క బండ లేచింది, కింద అతుకు దొరికింది. పని అయ్యాక మాస్టరు మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్లాడు. గదిలో ఎవరూ లేరని చూసుకుని, హొన్నూర్ సాబ్ తిప్పమ్మ పక్కన కూలబడి, మళ్లీ గుట్టుగా మాట్లాడాడు.

‘మూడు నెల్లాయ తిప్పమ్మా! నువ్వు ఒక్కరికన్నా చెప్పల్యా! సొంత చెల్లెలైనా ఇంత దాచదు!’

వాకిట్లో చీపురు చప్పుడు ఆగింది. పక్కింట్లో రుబ్బురోలు ఆగింది. మాస్టరు మజ్జిగ గ్లాసు పట్టుకుని గడపలో నిలబడిపోయి, వెనక్కి రెండడుగులు వేసి, అప్పుడే వస్తున్నట్టు గట్టిగా దగ్గి మరీ లోపలికి వచ్చాడు. చెవిటివాడి ముందు దగ్గడం ఏమిటో ఆయనకే తెలియాలి.

‘చెప్పనన్నా’ అంది తిప్పమ్మ, పెదవులు బాగా కదిలిస్తూ.

హొన్నూర్ సాబ్ నన్ను సంచిలో వేసుకుని లేచాడు. సంచిలో ఎప్పటిలాగే నాకు కుదురు లేదు. ఆయన మాత్రం తన గుట్టు భద్రంగా ఉందన్న నిబ్బరంతో, తల ఎత్తుకుని వీధిలోకి నడిచాడు. ఆ గుట్టును మోస్తున్న వీధి వీధంతా పక్కకు జరిగి ఆయనకు దారి ఇచ్చింది.