ఏడో మడి దాహం

నాకు కోపం ఎక్కువ. ఆ సంగతి మా పరిశోధన కేంద్రంలో అందరికీ తెలుసు, ఇంట్లో వాళ్ళకి మరీ బాగా తెలుసు. కానీ ఆ వేసవిలో రెండు వారాల పాటు నేను ఎవరి మీదా విసుక్కోలేదు. కారణం ఏడో మడి.

నీళ్ళు తక్కువైనా తట్టుకునే వరి కోసం పన్నెండు మళ్ళలో పన్నెండు రకాలు వేసి, పైరు కాస్త ఎదగగానే నీళ్ళు ఆపేశాం. పదకొండు మళ్ళు బుద్ధిగా ఎండుతున్నాయి. ఏడోది మాత్రం పచ్చగా నిలబడి నన్ను వెక్కిరిస్తోంది. నిరుడు కూడా అదే మడి, అదే రకం, అదే పచ్చదనం. మట్టిలో పాతిన తేమ మీటరు చెప్పేది ఇంకా చిత్రం. పగలంతా తేమ తగ్గుతుంది, సాయంత్రం అయిదున్నరకి మళ్ళీ పెరుగుతుంది. కొన్ని మొక్కల వేళ్ళు లోతు మట్టిలోని నీటిని పొద్దువాలాక పైకి తెచ్చి వదులుతాయని చదివాను. అదే పని వరి కూడా చేస్తోందంటే ఇంకేం కావాలి? మా డైరెక్టరు గారు అప్పుడే నాతో నవ్వుతూ మాట్లాడటం మొదలుపెట్టారు.

ఏడో మడి నిరుటి గింజల్ని వానలు పడగానే అయిదుగురు రైతులకి ఇవ్వాలని జాబితా రాశాం. అందులో మొదటి పేరు మేస్త్రమ్మది. మా పొలం కూలీలకి ఆవిడే పెద్ద. బోరు ఎండిపోయి నాలుగేళ్ళుగా బీడుపడ్డ ఎకరన్నర మెట్ట చేను ఉంది ఆవిడకి. ఈ ఏడు కూడా పంట పెట్టకపోతే తనే దున్నుకుంటానని మరిది పీకల మీద కూర్చున్నాడు. "పేరు గట్టిగా రాయండమ్మా, చెరిగిపోకుండా," అని దగ్గరుండి రాయించుకుంది.

ఒక శనివారం తేమ మీటరు గీసిన గీతల కాగితాలు ఇంటికి పట్టుకెళ్ళి భోజనాల బల్ల మీద పరిచాను. మా అత్తగారు ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. కాగితం కనిపిస్తే ఊరుకోరు. కళ్ళజోడు పెట్టుకుని, వేలితో గీత వెంబడి నడిచారు.

"అమ్మాయ్, ఆరు గుట్టలు, తర్వాత ఒక పల్లం. మళ్ళీ ఆరు గుట్టలు, ఒక పల్లం. నీ వరి వేళ్ళకి ఆదివారం సెలవా?"

"మీటరు ఎక్కడో తప్పుతోంది అత్తయ్యా."

"మీటరుకి వారాలు తెలుసా?"

నాకు ఒళ్ళు మండింది. ఆవిడ మీద కాదు, నా మీద. రెండేళ్ళుగా ఆ గీతలు చూస్తున్నాను. ఒక్కసారీ వారం లెక్కపెట్టలేదు.

సోమవారం అయిదు గంటల ఆఫీసు బస్సు ఎక్కలేదు. రెండేళ్ళలో అదే మొదటిసారి. ఏడో మడి గట్టు మీద, పనిముట్ల గది నీడలో కూర్చున్నాను. ఏమీ జరగకూడదని ఒక పక్క, ఏం జరుగుతుందో చూడాలని ఇంకో పక్క.

అయిదుంబావుకి పని దిగిన ఆడవాళ్ళు ఇరవై రెండు మంది వరసగా వచ్చారు. గోడకున్న కుళాయికి గొట్టం తగిలించి, దాని కొస ఏడో మడి గట్టు మీద పెట్టారు. ఒకరి తర్వాత ఒకరు కాళ్ళు, కొడవళ్ళు, పారలు కడుక్కున్నారు. బురద నీళ్ళు మడిలోకి దిగాయి. మీటరు పాతింది సరిగ్గా ఆ మూలనే. చదవడానికి దగ్గరగా ఉంటుందని అక్కడ పాతించింది నేనే. బురదకాళ్ళతో వరండా ఎక్కితే ఊరుకోనని బోర్డు పెట్టించింది కూడా నేనే.

"కాలవ అటు పక్కనుంది కదా, ఇక్కడెందుకు కడుక్కుంటున్నారు?" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మేస్త్రమ్మ మొహమాటంగా నవ్వింది. "అటూ కడుక్కోవచ్చమ్మా. కానీ గొట్టం ఈ మడి దాకా వస్తుంది. పాపం, మీరు దాని నోరు కట్టేశారు. ఎలాగూ పారబోసే నీళ్ళే కదా, అది తాగుతుందిలే అనుకున్నాం."

ఆవిణ్ణి గట్టు మీద పక్కన కూర్చోబెట్టుకుని అంతా చెప్పాను. గీతలు, గుట్టలు, ఆదివారాలు. మధ్యలో ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"అయితే నా చేలో ఎవరు కాళ్ళు కడుగుతారమ్మా?"

నాకు ఏడుపొచ్చింది. ఆ సాయంత్రమే డైరెక్టరు గారికి రాశాను, గింజలు ఎవరికీ ఇవ్వొద్దని. ఆయన నాతో నవ్వడం మానేశారు.

మర్నాడు గొట్టం తీసేయించింది మేస్త్రమ్మే. కానీ సాయంత్రం ఇంటికి పోయేముందు రోజూ వచ్చి గట్టు మీద నిలబడేది. నేనూ బస్సు వదిలేసి నిలబడేదాన్ని. వేళ్ళలో ఎంతో కొంత సత్తా ఉందేమోనని ఇద్దరికీ ఆశ. పదకొండో రోజు నుంచి ఆకులు మధ్యాహ్నం పూట చుట్టుకుని, సాయంత్రానికి విచ్చుకునేవి. పంతొమ్మిదో రోజు సాయంత్రమైనా విచ్చుకోలేదు. మిగతా పదకొండు మళ్ళకీ దీనికీ తేడా లేదు.

ఆవిడ వంగి ఒక ఆకుని రెండు వేళ్ళతో విప్పి చూసింది. వదలగానే అది మళ్ళీ చుట్టుకుంది.

"కుండెడు నీళ్ళు పోస్తే లేస్తుంది కదమ్మా," అంది.

"లేస్తుంది."

ఆవిడ చేతులు కట్టుకుని అలాగే నిలబడింది. "మా మరిదికి కబురు పంపాలి. చేను దున్నుకోమని," అంది.